రిపేర్‌ల ఉన్నది

రువీల మా దుకాణం ఎంతంటే
ఇద్దరు గిరాకీలొస్తే మూడోడు ఎండల నిలబడాలె.
గా గీంతల్నే తొమ్మిదేండ్ల సంది
పగిలిన అద్దాలు మారుస్తున్న.

"పాస్‌వర్డ్ చెప్పున్రి" అంట.
ఒక్కడన్న ఎనకా ముందాడడు.
రూంల పెట్టెకు తాళమేసి
తాళంచెవి మొలతాడుకు కట్టుకునేటోడు గూడ
అంకెలు ఒర్రి చెప్తడు, పక్కోడు ఇన్నా సరే.
"మన తాన దాసుకునేటందుకు ఏమున్నది భాయ్"
అని నవ్వుతడు సిలెట్ దర్జీ.
ఏమున్నదో నాకెరుక.

పఠాన్ డ్రైవర్‌ది బిడ్డ పుట్టిన దినం.
ఆ బిడ్డను ఇంక కండ్లతోని సూడలే.
మెట్‌పల్లి లస్మన్నది ఏజెంటుకు పడ్డ బాకీ లెక్క.
బాకీ తీరినంక గూడ మార్చలే,
వేలుకు అలవాటయిందట.
నర్సమ్మది మాత్రం ఒకటి రెండు మూడు నాలుగు.
"నైట్ డ్యూటీలన్నా, గుర్తుండాలి కదా."

ఇన్నది ఇన్నట్టే మర్చిపోవుడు నా పనిల సగం.
దానికి ఎవ్వడు పైసలియ్యడు.

నేనేం సుద్దపూసను గాదు.
మొదటేడాది ఒకని ఫొటోలు తెరిచి సూసిన.
అన్నం ప్లేటు, అన్నం ప్లేటు, అన్నం ప్లేటు.
తిన్ననని ఇంటికి రుజువు.
దగ్గర వెట్టి సూస్తే అన్నీ ఒకటే ప్లేటు,
పదిహేను దినాలు అదే పంపిండు.
ఇగ ఎవ్వనియి తెరువలే.

మోకాలు నొస్తుందని రాత్రి రూంల అన్న,
తెల్లారి ఫోన్ల నొప్పుల నూనె బేరానికొచ్చింది.
పక్క మంచపోడు మాత్రం ఇయ్యాల్టికీ ఇనలే.

మొన్న శుక్రవారం పొద్దు వంగినంక
రెడ్డెమ్మ వచ్చింది, రాయచోటామె.
"మా మేడమ్ కొనిచ్చిన ఫోనున్నా, కొత్తదే.
పొద్దన్నే నూరుంటాది, మద్దేనానికి పదికొస్తాది.
ఏందో సూడు."

సూసిన.
అన్నిటికంటె అడుగున, పేరు లేని బొమ్మ ఒకటి
ఊకె లేస్తున్నది, పంటున్నది.
అయిదు నిమిషాలకోపారి
ఈమె ఏడున్నదో విల్లాల చెప్పి వస్తున్నది.

చెప్పాల్నా, వద్దా?
డ్రాయర్ తీసిన, మూసిన.
చెప్పిన.

కోపం చెయ్యలే.
"అందుకేనా, కూరగాయలంగట్లో ఒక్కరవ్వ నిలబడితే
టక్కుమని మోగేది" అన్నది.
"తీసెయ్యాల్నా అమ్మా?"
"తీస్తే తెలిసిపోదా."

ఫోన్ దిక్కే సూసుకుంట అన్నది:
"మా నాయన మేకకు గంట కట్టేవాడు.
నేను ఆ గంట విప్పి కంపచెట్టుకు తగిలించేదాన్ని.
గాలికి మోగతా ఉంటే
మేక ఆడనే ఉండాదని నిద్రపోయేవాడు."
మళ్ల,
"అన్నా, రిపేరుకు రెండు గంటలు పడతాదని రాయి."

రాసిన.
చార్జింగ్ వెట్టి బోర్ల పండవెట్టిన.
పోయిందామె. నా బల్ల మీదనే ఉన్నది.
రెండుపార్ల మోగింది, ఎత్తలే.
మూడోపారి ఎత్తి
వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలల్ల చెప్పిన:
రిపేర్ మేడమ్, స్క్రీన్, ఇంక కాలే.
నా గొంతు నాకే దొంగ గొంతు లెక్క ఇనవడ్డది.

మగ్రిబ్ బాంగు ఇచ్చేయాల్లకు వచ్చింది.
చెప్పులు తడి.
"మత్రా దాకా పోయినా. ఏమీ చెయ్యలా,
పడవలు సూస్తా కూసున్నా."
జరసేపాగి, సిగ్గువడుకుంట:
"ఎన్నిమార్లు సంచిలో చెయ్యి పెట్టి
ఫోను కోసరం తడుముకున్నానో తెలుసునా."

బిల్లు రాసిన. స్క్రీన్ గార్డ్, ఒక రియాల్.
రాసినంక నిజంగనే అంటించిన,
ఒక్క అబద్దమన్న తగ్గుతదని.
ఓ మూలకు గాలి బుడగ మిగిలింది,
వేలుతోని బయటికి నూకబోయిన.

"దాన్ని ఉండనీన్నా" అన్నది.